వోల్టేజీ తగ్గితే బోరు మోటారు ఎక్కువ ఆంపియర్లు ఎందుకు లాగుతుంది? ఓం నియమం ఏమైనట్టు?

పలమనేరు ఎంపీసీ విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పలమనేరు దగ్గర పల్లె. ప్రవాహ విద్యుత్తు పాఠం పూర్తయ్యాక సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లాను. టమాటా తోటకు నీళ్లు పెట్టేటప్పుడు నాయన వెంట మోటారు షెడ్డుకు వెళ్లి అక్కడి మీటర్లు చూశాను. అప్పటి నుంచి ఈ సందేహం వదలడం లేదు.

మా బోరుకు 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. స్టార్టర్ బోర్డు మీద వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు పక్కపక్కనే ఉంటాయి. పక్క తోటల మోటార్లు ఆగి ఉన్నప్పుడు 410 వోల్టులు, 9 ఆంపియర్లు చూపిస్తాయి. అందరి మోటార్లూ తిరుగుతున్నప్పుడు వోల్టేజీ 340కి పడిపోతుంది, ఆంపియర్లు మాత్రం 11కి పెరుగుతాయి. కాసేపటికి స్టార్టర్ దానంతటదే పడిపోతుంది, మోటారు ఆగిపోతుంది. "లో వోల్టేజీలో మోటారు ఎక్కువ లాగుతుంది, వదిలేస్తే కాలిపోతుంది" అంటారు నాయన. ఆయన పదో తరగతి వరకే చదివారు, కానీ మీటర్లు ఆయన చెప్పినట్టే చూపిస్తున్నాయి.

పుస్తకం ప్రకారం వి = ఐ × ఆర్. మోటారు కాయిల్ మారలేదు కాబట్టి దాని నిరోధం మారదు. వోల్టేజీ 410 నుంచి 340కి తగ్గితే విద్యుత్ ప్రవాహం 9 నుంచి దాదాపు 7.5 ఆంపియర్లకు తగ్గాలి. మీటరు 11 చూపిస్తోంది. నా స్నేహితురాలు "పి = వి × ఐ వాడాలి, సామర్థ్యం మారదు కాబట్టి వి తగ్గితే ఐ పెరుగుతుంది" అంది. రెండు సూత్రాలూ ఒకే పాఠంలో ఉన్నాయి. ఒకటి తగ్గాలంటుంది, ఇంకొకటి పెరగాలంటుంది. ఏది ఎప్పుడు వాడాలో ఎలా తెలుస్తుంది?

నెల్లూరు బీటెక్:

మోటారుకు ఓం నియమం వర్తించదు. పి = వి × ఐ వాడు. కరెంటు లైన్లలో వోల్టేజీ పెంచి ఆంపియర్లు తగ్గించేది కూడా ఇందుకే. ఈఏపీసెట్‌కు ఇది చాలు.

తిరుపతి ఫిజిక్స్ మాష్టారు:

అమ్మా, నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. రెండు మీటర్లు చూసి, లెక్క కట్టి, అది పుస్తకంతో కుదరకపోతే వదిలిపెట్టకుండా అడిగావు. విద్యుత్తు ఇలాగే నేర్చుకోవాలి. కాబట్టి "ఇది చాలు" అని నేను అనలేను, కొంచెం ఓపికగా చదువు.

ముందు మీ స్నేహితురాలి మాట చూద్దాం. పి = వి × ఐ అన్న సూత్రం సామర్థ్యం మారదని ఎక్కడా చెప్పదు. ఒక వోల్టు అంటే ఒక కూలుంబ్ ఆవేశానికి ఒక జౌలు శక్తి. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలుంబ్. రెండిటినీ గుణిస్తే సెకనుకు ఇన్ని జౌళ్లు అని వస్తుంది. ఆ సూత్రంలో ఉన్నది ఈ లెక్క మాత్రమే. మీ హాస్టల్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఉందనుకో. 230 వోల్టుల దగ్గర అది సుమారు 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాని నిరోధం దాదాపు 53 ఓంలు. వోల్టేజీ 190కి పడితే ప్రవాహం 3.6 ఆంపియర్లకు తగ్గుతుంది, సామర్థ్యం 680 వాట్ల దగ్గరికి పడిపోతుంది. ఇక్కడ పి = వి × ఐ తప్పలేదు, పి మాత్రం మారింది. మీ స్నేహితురాలి సూత్రం సరైనదే, కానీ "సామర్థ్యం మారదు" అన్నది ఆమె బయటి నుంచి తెచ్చి కలిపిన మాట. మీ మోటారు విషయంలో ఆ మాట దాదాపు నిజం. ఎందుకు నిజమో మోటారునే అడగాలి, సూత్రం చెప్పదు.

ఇక ఓం నియమం. జార్జ్ సైమన్ ఓం జర్మనీలోని కొలోన్‌లో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉంటూ ఈ ప్రయోగాలు చేశాడు. అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని రాగి, బిస్మత్ లోహాలను జతచేసి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచి నిలకడైన వోల్టేజీ సంపాదించాడు. దానికి రకరకాల పొడవుల తీగలు కలిపి కొలిచాడు. 1827లో పుస్తకంగా ప్రచురించాడు. నువ్వు గమనించాల్సింది ఏమిటంటే ఆయన కొలిచినవి ఉష్ణోగ్రత మారని లోహపు తీగలు. వాటిలో తిరిగేది ఏదీ లేదు. లోహపు తీగ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే నియమం అది. దాన్ని ఏ యంత్రానికైనా రెండు కొసల దగ్గర తగిలించలేం.

ఇప్పుడు నువ్వు చూడకుండా దాటేసిన ఆధారం ఒకటి చూపిస్తాను. 5 హెచ్‌పీ మోటారు కాయిల్ నిరోధం కొద్ది ఓంలే ఉంటుంది. నాలుగు ఓంలు అనుకుందాం. నీ లెక్క ప్రకారం 410 వోల్టుల దగ్గర వంద ఆంపియర్లకు పైగా పారాలి. మీటరు 9 మాత్రమే చూపించింది. అంటే వోల్టేజీ పడిపోయినప్పుడే కాదు, అంతా బాగున్నప్పుడు కూడా కాయిల్ నిరోధం ఒక్కటే ప్రవాహాన్ని నిర్ణయించడం లేదు. వంద ఆంపియర్లను తొమ్మిదికి అదుపుచేస్తున్నది వేరే ఏదో ఉంది.

అదే ఎదురు విద్యుచ్ఛాలక బలం. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ (అయస్కాంత క్షేత్రం మారితే తీగలో వోల్టేజీ పుట్టడం), దాని దిశ గురించి లెంజ్ 1834లో చెప్పిన నియమం నీ పాఠాల్లో ఉన్నాయి. మోటారు తిరుగుతున్నంతసేపు కాయిల్లో, సరఫరాకు ఎదురుగా ఒక వోల్టేజీ పుడుతూనే ఉంటుంది. డీసీ మోటారుకైతే సులభంగా రాయవచ్చు: ఐ = (వి − ఈ) / ఆర్. ఇక్కడ ఈ అన్నది ఎదురు వోల్టేజీ. మీ బోరు మోటారు మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు (లోపల తిరిగే భాగానికి తీగ తగిలించకుండా, ప్రేరణతోనే దానిలో ప్రవాహం పుట్టించేది) కాబట్టి లెక్క ఇంత సులభం కాదు, కానీ మూలం ఇదే.

దానిలో జరిగేది వినమ్మా, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు. రెండు ధ్రువాల మోటారులో స్టేటర్ (కదలని భాగం) కాయిళ్లు పుట్టించే అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. లోపల తిరిగే భాగమైన రోటర్ దాన్ని పూర్తిగా అందుకోదు, 2850 దగ్గర తిరుగుతుంది. ఆ 150 చుట్ల వెనుకబాటు వల్లే రోటర్‌లో ప్రవాహం ప్రేరితమవుతుంది, ఆ ప్రవాహం వల్లే తిప్పే బలం పుడుతుంది. వెనుకబాటు లేకపోతే మోటారు పనే చేయదు.

వోల్టేజీ 410 నుంచి 340కి పడితే అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది. అదే వెనుకబాటు దగ్గర తిప్పే బలం వోల్టేజీ వర్గానికి అనులోమంగా తగ్గుతుంది. 340ని 410తో భాగిస్తే 0.83, దాని వర్గం 0.69. అంటే బలంలో దాదాపు మూడో వంతు పోయింది. కానీ బోరులో నీటిమట్టం పైకి రాలేదు కదా! నీటిని అంత లోతు నుంచే ఎత్తాలి. బలం చాలక రోటర్ ఇంకాస్త వెనుకబడుతుంది. వెనుకబాటు 150 నుంచి 220 చుట్ల దాకా పెరిగిందనుకో, వేగం 2780 అవుతుంది. వెనుకబడిన కొద్దీ రోటర్‌లో ప్రవాహం పెరుగుతుంది, ఆ ప్రవాహాన్ని సరఫరా నుంచే లాగాలి. వేగం రెండు మూడు శాతమే తగ్గింది కాబట్టి పంపు చేసే పని పెద్దగా తగ్గలేదు. పని తగ్గకుండా వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెరగక తప్పదు.

నీ అంకెలనే గుణించి చూడు. 410 × 9 = 3690. 340 × 11 = 3740. దాదాపు సమానం! (వీటిని వాట్లు అనుకోకు. మూడు ఫేజుల లెక్కలో వర్గమూలం మూడుతోను, వోల్టేజీ, ప్రవాహం ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే పవర్ ఫ్యాక్టర్‌తోను గుణించాలి.) మీ షెడ్డులోని రెండు మీటర్లే నీకు ఇది రుజువు చేసి చూపించాయి.

ఇస్త్రీ పెట్టె వోల్టేజీ ఎంత ఇస్తే అంతే తీసుకుంటుంది. మోటారు తన మీదున్న బరువు (లోడు, అంటే అది చేయాల్సిన పని) ఎంత అడిగితే అంత తీసుకుంటుంది. సూత్రం రాసే ముందు నీ ఎదుట ఉన్నది ఈ రెండిట్లో ఏదో తేల్చుకో.

ఓం నియమం ఎక్కడికీ పోలేదు. కాయిల్ రాగి తీగే కాబట్టి, దానిలో పుట్టే వేడి ఐ వర్గం × ఆర్ ప్రకారమే ఉంటుంది. జౌల్ 1841లో చెప్పింది అదే. 11ని 9తో భాగించి వర్గం చేస్తే 1.49. ప్రవాహం 22 శాతం పెరిగితే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. మీ నాయన "కాలిపోతుంది" అన్న మాటకు లెక్క ఇదే. ఆయన చదువు గురించి నువ్వు రాసిన వాక్యం చూశాను. ఆయన గమనించింది అక్షరాలా నిజమని ఆయనకు చెప్పు.

చిత్తూరు వైండింగ్ షాపు:

మాష్టారు గారికి నమస్కారం. నాకు చిత్తూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. మీరు చెప్పినదాన్ని మేము రోజూ బల్ల మీద చూస్తాం. 5 హెచ్‌పీ మోటారు రెండు లీడ్ల మధ్య మీటరు పెడితే మూడు నాలుగు ఓంలే వస్తుంది, ఆ మాట సరిగ్గా చెప్పారు.

పాపా, కాలిన మోటారు విప్పగానే కారణం చాలావరకు తెలిసిపోతుంది. స్టార్ కనెక్షన్ (మూడు కాయిళ్ల ఒక్కో కొసను ఒకే చోట కలిపిన) మోటారుకు ఒక ఫేజు పోయి ఉంటే రెండు ఫేజుల కాయిళ్లు మాడి, మూడోది కొత్తదానిలా ఉంటుంది. లో వోల్టేజీలో బలవంతంగా నడిపి ఉంటే మూడూ ఒకే తీరుగా మాడతాయి. ఎండాకాలంలో మా షాపుకు వచ్చేవాటిలో ఈ రెండో రకం ఎక్కువ.

స్టార్టర్ పడిపోతోందని రాశావు. దాన్ని పడేస్తున్నది ఓవర్‌లోడ్ రిలే. దానిలో రెండు లోహాల పట్టీ ఉంటుంది, ఎక్కువ ప్రవాహం పారితే వేడెక్కి వంగి స్టార్టర్‌ను విడిపిస్తుంది. మాటిమాటికీ పడుతోందని కొందరు రైతులు రిలే మీది ఆంపియర్ల ముల్లును పైకి తిప్పేస్తారు. దయచేసి మీ నాయనను అలా చేయనివ్వవద్దు. మోటారు మీది రేకు పలక పైన ఎన్ని ఆంపియర్లు రాసి ఉంటే ముల్లు అక్కడే ఉండాలి. రిలే పడితే ఒక పూట నీళ్లు ఆగుతాయి. మోటారు కాలితే పైపులన్నీ ఒక్కొక్కటిగా విప్పి పైకి తీయాలి, కూలీలు, వైండింగ్, మళ్లీ దించడం, ఈలోగా పంట ఎండుతుంది.

ఇంకొకటి. ఊళ్లో అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తాయి. మొదలయ్యే క్షణంలో మోటారు మామూలు కంటే ఆరేడు రెట్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. పక్క తోటలవాళ్లతో మాట్లాడుకుని ఒక్కొక్కరు కొన్ని నిమిషాల తేడాతో టైమర్ పెట్టుకుంటే అందరికీ మంచిది.

పలమనేరు ఎంపీసీ విద్యార్థిని:

సార్, అన్నా, ఇద్దరికీ ధన్యవాదాలు. మొదలయ్యేటప్పుడు ఎందుకు ఆరేడు రెట్లు లాగుతుందో నాకే తట్టింది. రోటర్ ఇంకా కదలలేదు కాబట్టి 3000 చుట్లూ వెనుకబాటే. ఎదురు వోల్టేజీ సరిగా నిలబడలేదు. సరేనా?

సార్, ఇంకా రెండు అడగాలి. పొడవైన లైన్లలో వోల్టేజీ పెంచితే నష్టం తగ్గుతుందంటారు. లైను రాగి, అల్యూమినియం తీగే కదా, దానికి ఓం నియమం వర్తించాలి. వోల్టేజీ పెంచితే దానిలో ప్రవాహం పెరగాలి కదా? రెండోది, మా హాస్టల్ సీలింగ్ ఫ్యానులో కూడా ఇండక్షన్ మోటారే ఉందని చదివాను. వోల్టేజీ తగ్గితే అది ఎక్కువ లాగదు, నెమ్మదిగా తిరుగుతుంది అంతే. ఎందుకు?

తిరుపతి ఫిజిక్స్ మాష్టారు:

మొదలయ్యేటప్పటి కారణం సరిగ్గా చెప్పావు.

లైన్ల సందేహం నా తరగతిలో ప్రతి ఏడూ వచ్చేది. ఇది వోల్టేజీ సందేహం కాదమ్మా, ఆ వోల్టేజీ ఎవరిదన్న సందేహం. వి = ఐ × ఆర్ రాసేటప్పుడు ఆర్ ఏ వస్తువుదో, వి కూడా ఆ వస్తువు రెండు కొసల మధ్యదే కావాలి. 11,000 వోల్టుల లైను అంటే తీగకు, తీగకు మధ్య 11,000 వోల్టులు. ఒకే తీగ ఈ కొసకు, ఆ కొసకు మధ్య ఉండేది కాదు. ఆ తీగ రెండు కొసల మధ్య భేదం చాలా తక్కువ, ఓం నియమం దానికే వర్తిస్తుంది.

లెక్క వేద్దాం. సులభంగా ఉండేందుకు మూడు ఫేజులు మర్చిపోదాం. లైను మొత్తం నిరోధం 1 ఓం. 100 కిలోవాట్లు పంపాలి. 400 వోల్టుల దగ్గర పంపితే 250 ఆంపియర్లు పారాలి. లైనులోనే 250 వోల్టులు పోతాయి, 62.5 కిలోవాట్లు తీగను వేడి చేయడానికే ఖర్చవుతాయి. అవతలి కొసకు చేరేది 37.5 కిలోవాట్లు. అదే 11,000 వోల్టుల దగ్గర పంపితే 9.1 ఆంపియర్లు చాలు. లైనులో పోయేది 9.1 వోల్టులు, 83 వాట్లు. అదే తీగ, అదే 1 ఓం! రెండుచోట్లా ఓం నియమం పూర్తిగా నిజం. అరవై రెండున్నర వేల వాట్లు ఎక్కడ, ఎనభై మూడు ఎక్కడ? ఈ లెక్క నీ చేత్తో ఒకసారి వేయి, ఇక ఎప్పటికీ మర్చిపోవు.

పొలాల్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి చాలా దూరం 400 వోల్టుల తీగలు లాగే బదులు, 11,000 వోల్టుల లైనునే మోటార్ల దగ్గరి దాకా తెచ్చి రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగించే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. దాని వెనుక ఉన్నది ఈ లెక్కే. మీ తోటకు ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంలో ఉందో ఈసారి వెళ్లినప్పుడు చూడు.

ఫ్యాను సంగతి. బోరు పంపు నీటిని ఫలానా ఎత్తుకు ఎత్తి తీరాలి, అందుకే దాని బరువు మొండిది. ఫ్యాను రెక్కలకు గాలి అడ్డు వేగం తగ్గితే వర్గం చొప్పున తగ్గిపోతుంది. పైగా ఫ్యాను రోటర్‌ను ఎక్కువ నిరోధంతో, ఎక్కువ వెనుకబాటుతో తిరిగేలా కావాలనే తయారు చేస్తారు. వోల్టేజీ తగ్గగానే అది వేగం వదులుకుని తక్కువ పనితో సరిపెట్టుకుంటుంది. రెగ్యులేటర్ పనిచేసేది దీని మీదే. బోరు మోటారుకు అలాంటి రెగ్యులేటర్ పెడితే కాలిపోతుంది. కాబట్టి "ఇండక్షన్ మోటారు అయితే ఇలా" అని కూడా కంఠస్థం చేయకు, మోటారు మీది బరువు ఎలాంటిదో చూడు.

ఒక హెచ్చరిక కూడా. మీటర్లు చూడు, రాసుకో, కానీ స్టార్టర్ మూత తీయకు. చర్మం తడిసినప్పుడు శరీర నిరోధం వెయ్యి ఓంల దగ్గరికి పడిపోవచ్చు. 230 వోల్టులకు అది 0.23 ఆంపియర్. దానిలో సగం గుండె మీదుగా పారినా ప్రాణం పోవచ్చు. తడి నేల మీద చెప్పులు లేకుండా ఆ బోర్డు దగ్గర నిలబడవద్దు.

పలమనేరు ఎంపీసీ విద్యార్థిని:

సార్, "వి ఎవరిది" అన్నది పట్టుకుని ఇంకో లెక్క వేశాను, తప్పుంటే చెప్పండి. నాయనకు ఫోను చేసి అడిగితే మోటారును 800 అడుగుల్లో దించారట, కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదట. పొడవు 250 మీటర్లు అనుకున్నాను. రాగి విశిష్ట నిరోధం 1.7 × 10 ఘాతం −8 ఓం మీటర్. ఒక్కో తీగ నిరోధం 1.7 ఓంలు వచ్చింది. 11 ఆంపియర్లకు ఒక్కో తీగలో 18.7 వోల్టులు పోతాయి. మూడు ఫేజులకు వర్గమూలం మూడుతో గుణిస్తే సుమారు 32 వోల్టులు. అంటే షెడ్డులో మీటరు 340 చూపించినప్పుడు, కింద నీళ్లలో ఉన్న మోటారుకు అందేది 308 మాత్రమేనా?

తిరుపతి ఫిజిక్స్ మాష్టారు:

అవును. కచ్చితంగా వేయాలంటే పవర్ ఫ్యాక్టర్‌ను బట్టి కొంచెం తగ్గుతుంది, కానీ నీ దారి పూర్తిగా సరైనది. మూడు తీగల్లో కలిపి వేడి ఎంతో కూడా చూడు: 3 × 121 × 1.7, దాదాపు 617 వాట్లు. మీ మోటారు నడిచినంతసేపు ఆ కేబుల్ బోరు నీటిని అంత వేడి చేస్తూ ఉంటుంది.

చిత్తూరు వైండింగ్ షాపు:

పాపా, లెక్క బాగా వేశావు. ఇప్పుడున్న కేబుల్‌ను దీనికోసమే పైకి తీయవద్దు, ఆ ఖర్చు దండగ. ఎప్పుడైనా మోటారును బయటికి తీసినప్పుడు 4 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. ఒక్కో తీగ నిరోధం ఒక ఓం దగ్గరికి దిగుతుంది, 32 వోల్టుల నష్టం 20కి తగ్గుతుంది. తీసుకునేటప్పుడు ఒకే ముక్కగా తీసుకోండి. రెండు ముక్కలు అతికితే ఆ జాయింటు దగ్గర నిరోధం పెరుగుతుంది, నీళ్లు దిగేది కూడా అక్కడే. అప్పటివరకు 350కి లోపు ఉంటే మోటారు ఆపేయమని నాయనకు నా మాటగా చెప్పు.